మొరాయించిన గేమ్ పెట్టె

పాతికేళ్ల తర్వాత ఆ గేమ్ పెట్టెను మళ్లీ చూసేసరికి అందులో కోళ్లు కాపురం పెట్టాయి. రేపల్లెలో మా భాభీ తమ్ముడి ఇంటి వెనక, రేకుల కింద, గోడకు చేరగిలబడి ఉంది. బిళ్లలు పడే అరలో ఒక పెట్ట గుడ్ల మీద కూర్చుంది. నేను వంగి తలుపు తీయబోతే ముక్కుతో ఒక్క పోటు పొడిచింది.

“పది రోజులు ఆగండి భాయ్, పిల్లలయ్యాక తీసుకెళ్దురుగాని,” అన్నాడు భాభీ తమ్ముడు.

తెనాలి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాను నేను. కోడి కోసం పది రోజులు ఆగమంటాడేంటి, మనిషికి బుద్ధి ఉండక్కర్లేదా అనుకున్నాను. పైకి మాత్రం సరేనన్నాను. బంధువుల ఇల్లు, పైగా భోజనం పెట్టారు. పదకొండో రోజున మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను.

ఆ పెట్టె మా అన్నయ్యది. నాకంటే పదకొండేళ్లు పెద్దవాడు, నాకు పని నేర్పినవాడు. భాయ్ అని పిలిచేవాణ్ణి, వదినను భాభీ అని. మేమిద్దరం మాట్లాడుకునేది మా ఇళ్లలో మాట్లాడే ఉర్దూ. అందులో సగం తెలుగే కాబట్టి ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను. నాది తెనాలిలో చిన్న రిపేరు కొట్టు. టీవీలు, యూపీఎస్‌లు, కంప్యూటర్లు బాగుచేస్తాను. శుక్రవారం కొట్టు తియ్యను. అన్నయ్య మాత్రం పెళ్లయిన కొత్తలోనే బాపట్ల వెళ్లిపోయి, స్టేషను రోడ్డులో వీడియో గేముల కొట్టు పెట్టాడు. అయిదు పెట్టెలు. వడ్రంగితో ప్లైవుడ్ కోయించి, సన్‌మైకా అంటించి, లోపల పాత టీవీ ట్యూబులు బిగించి, వైరింగు అంతా తనే చేసుకున్నాడు. సాయంత్రమయ్యేసరికి కాలేజీ వాళ్లతో కొట్టు కిక్కిరిసిపోయేది. ఒకడు ఆడుతుంటే పదిమంది వెనక నిలబడి సలహాలు చెప్పేవాళ్లు. అన్నయ్య స్టూలు మీద కూర్చుని అందరినీ కలిపి తిడుతుండేవాడు. ఆయన చేత తిట్లు తినడానికే కొందరు వచ్చేవాళ్లు.

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి, చేతుల్లోకి సెల్లులు వచ్చాయి. నాలుగు పెట్టెలు పాత సామాన్లవాళ్లకు పోయాయి. అయిదోదాన్ని భాభీ పోనివ్వలేదు, రేపల్లెలో పుట్టింటికి పంపించింది. కొట్టు కొన్నాళ్లు జిరాక్సు కొట్టయింది, కొన్నాళ్లు రీచార్జి కొట్టయింది, చివరికి దించిన షట్టరు ఒక్కటే మిగిలింది.

నేను పెట్టె తేవడానికి ఏడాది ముందు భాభీ పోయింది. వాళ్లకు పిల్లల్లేరు. కొట్టు వెనక ఉన్న రెండు గదుల్లోనే వాళ్ల కాపురమంతా గడిచింది. ఆ రెండు గదుల్లో ఇక ఆయన ఒక్కడే మిగిలాడు. అన్నయ్య మంచి వంటగాడు. ఆయన చేపల పులుసు పెట్టిన రోజు వీధి వీధంతా తెలిసిపోయేది. అలాంటి మనిషి పొయ్యి వెలిగించడం మానేశాడు.

“ఏం తిన్నావు భాయ్?” అని ఫోనులో అడిగేవాణ్ణి.

“తిన్నాన్లేరా.”

“ఏంటి తిన్నావు?”

“అదే.”

అదే అంటే బన్ను, టీ. ఒకసారి వెళ్లి చూస్తే చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు ఉంది ఆయన ఒంటి మీద. పక్కన టిఫిన్ బండి పెట్టుకున్న పిన్ని నన్ను పక్కకు పిలిచి, “మీ అన్నయ్య మాట్లాడి ఎన్నాళ్లయిందో తెలుసా బాబూ? టీ కావాలన్నా వేలు చూపిస్తాడు,” అంది. నాకు భయమేసింది. వచ్చి మా ఇంట్లో ఉండమని బతిమాలాను, కోప్పడ్డాను, మా ఆవిడ చేత చెప్పించాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం, రాడు. “మీ భాభీ ఉన్న ఇల్లురా,” అన్నాడు.

ఇక నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఏదో ఒకటి విప్పి, బాగుచేసి, బిగించడం.

అప్పటికి బాపట్ల జిల్లా అయింది. నేను గుంటూరు జిల్లాలోనే ఉండిపోయాను, అన్నయ్య ఉన్నచోటే ఉండి వేరే జిల్లావాడైపోయాడు. సోమవారం వస్తే కలెక్టరాఫీసుకు అర్జీలు పట్టుకుని ఎక్కడెక్కడివాళ్లో రైలు దిగేవాళ్లు. పొలం కాగితం కావాలని, పింఛను ఏమైందో చూడాలని, హాల్ టికెట్ తీయాలని నెట్ సెంటర్ల ముందు నిలబడేవాళ్లు. అన్నయ్య కొట్టు ముందు వరండాలో ఒక కంప్యూటరు పెడితే ఎలా ఉంటుంది, ఎవరికి వాళ్లు వచ్చి నొక్కుకుని చూసుకుని పోయేలాగా, అనుకున్నాను. జనం వస్తారు, కాస్త సందడి ఉంటుంది, ఆయన షట్టరు ఎత్తి కూర్చుంటాడు. అందుకు కొత్త పెట్టె ఎందుకు, ఆయన చేత్తో చేసిందే రేపల్లెలో ఉందిగా అనిపించింది.

పెట్టె తెనాలి చేరిన రోజే అన్నయ్యకు ఫోను చేశాను. “ట్యూబు మీద చెయ్యి వెయ్యకు, నేనొస్తున్నా,” అన్నాడు. ఏడాదిలో ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. మర్నాడు పొద్దున పాసింజరుకు దిగాడు. ఎన్నేళ్లు మూలపడ్డా లోపల కరెంటు దాక్కుని ఉంటుందని, పిక్చర్ ట్యూబును నమ్మకూడదనేది ఆయన పద్ధతి. స్క్రూడ్రైవరుకు వైరు కట్టి, రెండో కొస లోపలి ఇనుప చట్రానికి బిగించి, రబ్బరు మూత కిందికి మెల్లగా పోనిచ్చి కరెంటు దించాడు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే, “నోట్లో ఈగలు పోతాయి, మూసుకో,” అన్నాడు.

ఆ తర్వాత నలభై రోజులు వచ్చాడు. పొద్దున పాసింజరుకు రావడం, సాయంత్రం దానికే వెళ్లడం. కోళ్ల పెంట గోకింది ఆయనే. పుచ్చిన అడుగు పలక తీసి కొత్తది వేయించింది ఆయనే. ట్యూబు ఉన్నచోట నేను ఒక మానిటరు ఏటవాలుగా అమర్చాను. ఆట ఆడే కర్రను తీసెయ్యలేదు, దాన్నే మౌసుగా మార్చాను. పల్లెటూరివాళ్లకు మౌసు చేతిలో జారుతుంది గాని, కర్ర పట్టుకుని ఇటూ అటూ తొయ్యమంటే ఎవరికైనా వస్తుంది. ఆరు బొత్తాలకూ ఆరు పనులు అప్పగించాను: పొలానికి వరికంకి బొమ్మ, రైలుకు రైలు బొమ్మ, అలా. చదువు రానివాళ్లకు కూడా అర్థమవ్వాలని పట్టుబట్టి చేశాను. కింద కోడి పొదిగిన అరలో ప్రింటరు కూర్చుంది.

మధ్యాహ్నం మా ఆవిడ క్యారియరు పంపేది. ఇద్దరం కొట్టు నేల మీద కూర్చుని తినేవాళ్లం. అన్నయ్య మారు వడ్డించుకునేవాడు. నేను లోలోపల సంబరపడేవాణ్ణి, చూశావా, మిషను పని చెయ్యడం మొదలుపెట్టకముందే మనిషి తిండి తింటున్నాడు అని. పెట్టె పూర్తయిందని నేనంటే, లేదురా, పాలిష్ ఇంకో కోటు వేద్దాం అనేవాడు. అది ఆరాక, ఈ మూల సన్‌మైకా లేచింది చూడు అనేవాడు. లేచిన సన్‌మైకా నాకు కనపడేది కాదు. ఎంత త్వరగా బిగించి బాపట్ల చేరుస్తానా అని నా తొందర. ఆయనకు తొందరేమీ లేదు. అది ముసలితనపు చాదస్తమనుకుని విసుక్కున్నాను కూడా.

వేసవిలో పెట్టెను వరండాలో నిలబెట్టాం. జనం నిజంగానే వచ్చారు. మొదటి సోమవారం ఈపురుపాలెం నుంచి ఒక నేత పెద్దాయన వచ్చి, కర్ర పట్టుకుని అటూ ఇటూ తోసి, తన పింఛను అర్జీ ఎక్కడుందో తనే చూసుకుని, “భలే ఉందే ఇది!” అన్నాడు. నాకు కళ్లు చెమర్చినంత పనయింది. చుండూరు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వరికంకి నొక్కి పొలం కాగితం తీసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండా పని జరిగిపోతోంది. అంత బాగా చేశానని నా రొమ్ము పొంగింది. అన్నయ్య షట్టరు కింద కుర్చీలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. వచ్చినవాళ్లు కాగితం చించుకుని, ఆయన వంక ఒకసారి చూసి, వెళ్లిపోతున్నారు.

మూడు వారాలకు మొదటి ఫోను వచ్చింది.

“ఒరే, మొరాయించిందిరా నీ ఎద్దు.”

“ఏమైంది?”

“నేనేం చేశాను! ఊరికే ఆగిపోయింది.”

ఆ రోజు గురువారం. మర్నాడు నాకెలాగూ సెలవు కాబట్టి పొద్దున్నే రైలెక్కాను. చూస్తే పెద్ద జబ్బేమీ కాదు, లోపల బోర్డుకు కరెంటు ఇచ్చే పిన్ను వదులైంది. నొక్కితే బతికింది. అన్నయ్య అప్పటికే వంట చేసి ఉంచాడు. జుమ్మా నమాజుకు కలిసి వెళ్లొచ్చాం, కూర్చుని తిన్నాం. చేపల పులుసు. చాలా రోజుల తర్వాత ఆయన చేతి పులుసు. “నిన్నటిదిరా. పులుసు మర్నాటికే కదా రుచి,” అంటూ ముల్లు తీసి ముక్క నా కంచంలో వేశాడు. సాయంత్రం బండికి వచ్చేశాను.

అది మొదలు రెండు వారాలకొకసారి, మూడు వారాలకొకసారి మొరాయించడం, ఫోను రావడం, నేను వెళ్లడం, అదే పిన్ను. నాకు తిక్క రేగింది. ముప్పై ఏళ్ల అనుభవం, ఒక పిన్ను నా మాట వినదా? ఉప్పుగాలి అన్నాను. సముద్రం దగ్గర ఊరు, ఇత్తడి మీద చిలుము పడుతుంది, పట్టు జారుతుంది. స్ప్రే కొట్టాను. స్టేషను రోడ్డులో లారీలు తిరుగుతాయి, అదురు అన్నాను. కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేశాను. ఎలకలన్నాను. వెనక జాలీ కొట్టాను. ప్రతిసారీ అన్నయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చుని టార్చి పట్టేవాడు. పట్టినంతసేపూ మాట్లాడేవాడు. చేబ్రోలులో మా నాన్న కట్టిన పందిరి కూలిన కథ, భాభీని చూడ్డానికి వెళ్లినప్పుడు రేపల్లె స్టేషన్లో జోళ్లు పోగొట్టుకున్న కథ, నేను చిన్నప్పుడు షాకు కొట్టించుకుని గోడ ఎక్కిన కథ. “టార్చి సరిగ్గా పట్టు భాయ్, కథలు తర్వాత,” అనేవాణ్ణి నేను.

మా పనిలో ఒక అలవాటు ఉంది. బాగుచేసిన సామాను ఎవరైనా మళ్లీ విప్పారేమో తెలియాలంటే స్క్రూ తల మీద, పిన్ను అతుకు మీద ఒక చుక్క గోళ్లరంగు వేస్తాం. విప్పితే చుక్క చీలుతుంది. ఇది నాకు నేర్పింది కూడా అన్నయ్యే. “మిషను అబద్ధం చెప్పదురా, దాన్ని తెచ్చినవాడు చెబుతాడు. ఎవడైనా సరే వచ్చి, నేనేం చెయ్యలేదండి, ఊరికే ఆగిపోయిందండి అంటాడు. నువ్వు చుక్క చూడు, వాడి మొహం చూడకు,” అనేవాడు. ఏడాది కావస్తుండగా ఒక శుక్రవారం, మా ఆవిడ గోళ్లరంగు సీసా జేబులో వేసుకుని వెళ్లి, ఆ పిన్ను మీద ఒక ఎర్రచుక్క వేసి వచ్చాను. అన్నయ్య అప్పుడు లోపల పులుసు వేడి చేస్తున్నాడు.

మూడు వారాల తర్వాత ఫోను వచ్చింది. వెళ్లి వెనక తలుపు తీశాను. చుక్క నిలువునా రెండుగా చీలి ఉంది. అదురుకు వదులైతే అలా చీలదు. వేళ్లతో పట్టి లాగితేనే చీలుతుంది. ఆ వెనక తలుపు ఉన్నది కొట్టు లోపలివైపు. అక్కడికి ఇంకెవరూ వెళ్లరు.

కంచే చేను మేస్తోందని అర్థమైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“భాయ్, దీన్ని ఎవరు లాగారు?”

టార్చి ఆయన చేతిలోనే ఉంది. “ఎవరు లాగుతారు? ఊరికే ఆగిపోయింది.”

“నాకు నేర్పిన మాట నాకే చెప్తున్నావా?”

నేను ఆగలేదు. ఏడాదిగా ప్రతి రెండు వారాలకూ రైలెక్కి వస్తున్నానన్నాను, స్ప్రేలు కొట్టానన్నాను, ఎలకల మీద నింద వేశానన్నాను. చివరికి నోటికొచ్చింది అనేశాను. “జనం నిన్నేమీ అడగట్లేదని మిషను మీద కసా? అది ఆగిపోతే నీ దగ్గరికి వచ్చి అడుగుతారనా?”

అన్నయ్య టార్చి ఆర్పాడు. “అలాగే అనుకోరా,” అన్నాడు.

నేను అలాగే అనుకున్నాను. పిన్ను బిగించి, దాని మీద మళ్లీ ఒక చుక్క వేసి, ఎదురుగా ఉన్న ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లి గొళ్లెం, తాళం తెచ్చాను. వెనక తలుపుకు బిగించి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో వేసుకున్నాను, ఆయనకు ఇవ్వలేదు. అరవై తొమ్మిదేళ్ల మనిషి, పని నేర్పిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఆయన చేతులతో చేసిన పెట్టెకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాను. “ఇక నన్ను పిలిచే పని ఉండదు,” అన్నాను.

“మంచిదేగా,” అన్నాడు. టార్చి స్టూలు మీద పెట్టి, “అన్నం తిని వెళ్లు,” అన్నాడు.

నాకు ఆకలిగా లేదన్నాను. నమాజుకు కూడా ఆగకుండా, దొరికిన బండెక్కి తెనాలి వచ్చేశాను.

తాళం బ్రహ్మాండంగా పనిచేసింది. ఏడు నెలలు మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. మా కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను, గోళ్లరంగు చుక్కతో దొంగను ఎలా పట్టానో. నవ్వుకునేవాళ్లం. అన్నయ్యకు ఫోను చేసి, “మిషను ఎలా ఉంది?” అనేవాణ్ణి. “బాగుంది,” అనేవాడు. “నువ్వు?” అంటే, “నేనూ,” అనేవాడు. నెల తిరిగేసరికి కోపం పోయింది నాకు. కోపం పోయాక కూడా వెళ్లలేదు. వెళ్లకూడదని కాదు. వెళ్లే పనేమీ తగల్లేదు, అంతే.

ఏడో నెలలో ఒక పొద్దున టిఫిన్ బండి పిన్ని ఫోను చేసింది. షట్టరు లేవలేదని తలుపు కొట్టి చూశారట. నిద్రలోనే పోయాడు. నేను వెళ్లేసరికి ఆయన్ని చాప మీదికి దించారు. ఎంత తేలికగా ఉన్నాడో, ఎత్తినవాళ్లు చెప్పక్కర్లేకుండా చూస్తేనే తెలుస్తోంది. వంటగదిలోకి వెళ్లాను నీళ్ల కోసం. పొయ్యి తుడిచిపెట్టి ఉంది. పులుసు దాక బోర్లించి ఉంది, దాని మీద దుమ్ము. గట్టు మీద సగం బన్ను.

నలభయ్యో రోజు చేసే ఫాతెహా ప్రార్థన అయ్యాక కొట్టు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. పెట్టె తను తీసుకెళ్తానని భాభీ తమ్ముడు అన్నాడు. రేపల్లెలో ఆయనకు ఎరువుల కొట్టు ఉంది, వరండాలో పెడితే రైతులు వాడుకుంటారని. పంపేముందు ఒకసారి చూద్దామని వెనక తాళం తీశాను. పిన్ను మీద నేను రెండోసారి వేసిన చుక్క చెక్కుచెదరలేదు. కంప్యూటరు తనెప్పుడు ఆన్ అయిందో, ఎప్పుడు అర్ధాంతరంగా ఆగిపోయిందో లోపల తేదీ, టైముతో సహా ఒక పట్టీ రాసుకుంటుంది. ఊరికే, అలవాటుగా, దాన్ని తెరిచాను.

పదిహేడు సార్లు ఆగింది. అన్నీ సాయంత్రం అయిదుకూ ఆరుకూ మధ్యనే. అలా ఒకే వేళకు ఎందుకు ఆగిందా అని మెకానిక్ బుర్రతోనే ఆలోచించాను ముందు. తర్వాత సెల్లులో క్యాలెండరు తీసి ఒక్కో తేదీ చూశాను. పదిహేడూ గురువారాలే. నాకు తెలియని సంగతి కాదది, ఫోను వచ్చింది నాకే. నా సెలవుకు ముందురోజే చెడుతోంది, నా అదృష్టం బాగుంది అని అనుకున్నవాణ్ణి కూడా నేనే. నా కొట్టు ఒక్కపూట కూడా మూతపడకుండా చూసి మరీ పిన్ను లాగాడు ఆయన.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. అప్పుడు పులుసు గుర్తొచ్చింది. మర్నాటికే రుచి అని శుక్రవారం నాకు పెట్టింది నిన్నటి పులుసు. నిన్నంటే గురువారం. చేప బజారుకు వెళ్లేది పొద్దున్నే. అంటే గురువారం పొద్దున చేప తెచ్చి, చింతపండు నానబెట్టి, పులుసు కాచి దించి, అప్పుడు సాయంత్రం వెనక తలుపు తీసి పిన్ను లాగాడు. నాకు ఫోను చేసేసరికే నాకోసం వంట అయిపోయి ఉండేది. జనం అడగాలనీ కాదు, మిషను మీద కసీ కాదు. ఆ నలభై రోజులు మా కొట్టు నేల మీద కూర్చుని మారు వడ్డించుకున్నాడే, అది కావాలి ఆయనకు. నేను ఇంకో మిషను ఇచ్చి వచ్చాను. దాన్ని చెడగొట్టుకుంటేనే మళ్లీ నేను దొరికాను. దానికీ తాళం వేశాను.

పెట్టె ఇప్పుడు రేపల్లెలో బాగా పనిచేస్తోందట. పోయిన నెల భాభీ తమ్ముడు ఫోను చేసి, కర్ర కొంచెం బిగుసుకుంది భాయ్, నూనె వెయ్యమంటారా అని అడిగాడు. వచ్చి నేనే వేస్తానని వెళ్లాను. అయిదు నిమిషాల పని. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. ఒక మాట రాయకుండా దాటేశాను. అది కూడా రాయకపోతే ఇదంతా ఎందుకు.

ఆయన పోవడానికి పది రోజుల ముందు, ఆయనే ఫోను చేశాడు. నేను ఏదో ఇన్వర్టరు విప్పుకుని ఉన్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, “ఏంటి భాయ్, మళ్లీ ఆగిందా?” అన్నాను.

“లేదురా. బాగా నడుస్తోంది,” అన్నాడు. తర్వాత, “బాగున్నా రావచ్చుగా?” అన్నాడు.

“బాగున్నదాని కోసం రావడమెందుకు భాయ్?” అని నవ్వాను.

“అవున్లే,” అని ఆయన కూడా నవ్వాడు.